తడి పడుగు

శరభయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఉద్యోగమంతా కళాశాలలో తర్కశాస్త్రం చెప్పిన మనిషి, ఆ ఉద్యోగం అయిపోయాక వాదించడం పూర్తిగా మానేశారు. పునర్జన్మ ఉందా లేదా అని అడిగిన ఒక ప్లీడరుగారి చేత ఆ పూటంతా బియ్యంలో మట్టిగడ్డలు ఏరించారు. ప్లీడరుగారు మళ్లీ ఆ వైపు రాలేదు. ఆయనకి జవాబు దొరికిందో, నడుము నొప్పి ఒక్కటే దొరికిందో ఎవరికీ తెలియదు. అందుచేత మగ్గాల వీధి చివర ఆయన అద్దెగదికి వచ్చేవాళ్లు సాధారణంగా ఏమీ అడక్కుండా, కాసేపు కూర్చుని వెళ్లిపోయేవారు.

ఆ సాయంత్రం మృత్యుంజయం మాత్రం అడక్కుండా ఉండలేకపోయాడు. తనకి ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, వీడైనా దక్కాలని తల్లి అతనికి ఆ పేరు పెట్టుకుంది. పేరుకి తగ్గ ధైర్యం మాత్రం ఇవ్వలేకపోయింది. చిన్నప్పుడు బావిలోకి తొంగిచూడమంటే ఏడ్చేవాడు. పెద్దయ్యాక బడిలో పంతులై, పౌరశాస్త్రం చెబుతున్నాడు. ఊరికి ఎగువన వెలిసిన రంగుల మిల్లు మురుగు తాగునీటి కాలవలో కలుస్తోందని కలెక్టరుగారికి పంపిన అర్జీ మీద సంతకం చేసినవాళ్లలో అతనొకడు. బహుశా అతని జీవితంలో అదొక్కటే సాహసం. సంతకం చేసిన ఇంకొకరు అతని ఎదురింటి కాంపౌండరు సీతాపతి.

పోయిన వారం సీతాపతి ఇంటి ముందు జీపు ఆగింది. స్టేషనుకి రమ్మంటున్నారని చెప్పి అతన్ని ఎక్కించుకుపోయారు. వచ్చినవాళ్లకి యూనిఫారం లేదు. ఏ స్టేషనని ఎవరూ అడగలేదు. ఆ వీధిలో ఇంటింటికీ ప్రహరీగోడ ఉంది, గేటు ఉంది, గేటుకి గొళ్లెం ఉంది. సీతాపతి తిరిగొచ్చాడు గాని, వచ్చినప్పటినుంచీ గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఏం జరిగిందని భార్య అడిగితే నోరు విప్పడు. బయట ఏదైనా బండి చప్పుడైతే మంచం కిందికి దూరిపోతాడు. ఇప్పుడు మృత్యుంజయం ఇల్లెక్కడని ఎవరో ఆరా తీస్తున్నారని ఆ పొద్దున పాలవాడు చెప్పిపోయాడు. చెప్పేటప్పుడు వాడు మొహంలోకి చూడలేదు.

"గురువుగారూ, పౌర సమాజం అంటే ఏమిటని పిల్లలకి నేనే పాఠం చెబుతాను" అన్నాడు మృత్యుంజయం. "ఇంటికీ ప్రభుత్వానికీ మధ్య, మనుషులు తమంతట తాము కట్టుకునేది అని బోర్డు మీద రాయిస్తాను. ఎక్కడుందండీ అది? సీతాపతి గుమ్మం దిగి జీపెక్కేదాకా నేను చూశాను. ఆ మధ్యలో ఏమీ లేదు. ఖాళీ."

ఎక్కడినుంచి చూశావని శరభయ్యగారు అడగలేదు. అడిగితే కిటికీ వెనకనుంచి అని చెప్పాల్సి వచ్చేది.

"రేపు పొద్దున్నే ఈ వీధి నాంచారమ్మ పడుగు ఉంది. పట్టడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. నువ్వు పట్టు" అని ఆయన చాప పరిచారు. ఇంటికి వెళ్లే ధైర్యం లేక మృత్యుంజయం ఆ చాపమీదే పడుకున్నాడు. నిద్రపోయాడని మాత్రం చెప్పలేం.

పడుగంటే చీరకి నిలువునా పోయే దారాలు. మగ్గమెక్కే ముందు ఆ దారాలకి గంజి పట్టాలి. గది పట్టనంత పొడవు కాబట్టి ఆ పని వీధిలోనే చేస్తారు. ఈ కొసనుంచి ఆ కొసకి పోగులు చాపి, మధ్యమధ్య వెదురుకర్రలు దూర్చి, ఒక్కో కర్రని అటొకరూ ఇటొకరూ పట్టుకుని నిలబడతారు. ఇంకొందరు కుంచెలతో గంజి దువ్వుకుంటూ పోతారు. తడి మీద ఎవరైనా చెయ్యి వదిలితే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. అలాగని ఎండ ముదిరేదాకా ఉంచినా ముప్పే, పెళుసెక్కి తెగిపోతాయి. ఈ పని ఒక ఇంటివల్ల అయ్యేది కాదు. ఈవేళ నీ పడుగుకి నేనొస్తే, రేపు నా పడుగుకి నువ్వొస్తావు. పడుగు వీధిలో ఉన్నంతసేపూ ఏ బండీ అటు రాదు. కర్ర పట్టినవాణ్ణి, ఇంట్లో ఎంత పనిపడినా, పడుగు దించేదాకా ఎవరూ పిలవరు. ఇదంతా ఎవరు పెట్టారో ఆ వీధివాళ్లకే తెలియదు. ఒకసారి మునిసిపల్ చైర్మనుగారి అల్లుడి ఊరేగింపు కూడా, గుర్రంతో సహా, పక్కసందులోంచి తిరిగిపోయింది. ఆ గుర్రం గంజిబాన దగ్గర చేసిన ఆగం వేరే కథ.

తెల్లారగానే నాంచారమ్మ అతనికి ఒక కర్ర అప్పగించి, తను ఎదురుగా రెండో కొస పట్టుకుంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మొదటి కుంచె విదిలింపుకే గంజి చింది కళ్లజోడు తెల్లబడిపోతే, అతను దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇక వీధంతా మసక. అవతల కొసన, పడుగు కట్టిన మేకు దగ్గర శరభయ్యగారు ఒక తెల్లని మరకలా కనిపిస్తున్నారు.

"అయ్యా పంతులూ, కర్ర పట్టుకోమన్నాను గాని పీక పిసకమన్నానా? కాస్త వదులుగా పట్టు" అంది నాంచారమ్మ. వీధి వీధంతా నవ్వింది. మృత్యుంజయం కూడా నవ్వబోయాడు. అప్పుడే జీపు చప్పుడైంది.

చప్పుడు దగ్గరికొచ్చి, పడుగు ముందు ఆగింది. హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు. తలుపులు తీసి మూసిన చప్పుడు, బూట్ల చప్పుడు. పరుగెత్తాలి. పరుగెత్తితే కర్ర పడిపోతుంది, పోగులు ముద్దవుతాయి, ఆ ఖాళీ చోటే వేలుపెట్టి అతన్ని చూపిస్తుంది. అందుకని పట్టుకునే ఉన్నాడు. అది ధైర్యమని ఎవరైనా అంటే పొరపాటు.

"అడ్డం తియ్యండి. మృత్యుంజయం అనే పంతులు ఈ వీధికొచ్చాడంట. ఎవడు?"

"గంజి తడారలేదు నాయనా" అంది నాంచారమ్మ. "ఇప్పుడు తీస్తే అతుక్కుపోద్ది. పడుగు పట్టినోళ్లని మధ్యలో పిలవటం మా వీధిలో లేదు."

"ఎప్పుడారుద్ది?"

"ఎండనడుగు."

బూట్లు పడుగు వెంబడే నడవసాగాయి. ఒక్కో కర్ర దగ్గర ఆగి, ఒక్కో మొహంలోకి చూస్తూ వస్తున్నాయి. అతని ఎదుటికొచ్చి ఆగాయి. సిగరెట్టు వాసన, దాని మీద సబ్బు వాసన. "నీ పేరేంటి?" మృత్యుంజయం కర్రని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నిన్నే!"

"ఆయన్ని మాట్లాడించమాకు. నోరు తెరిస్తే చెయ్యి వదుల్తాడు, కొత్తోడు" అంది నాంచారమ్మ. వెంటనే మామూలు గొంతుతో, "నీ పేరేంటి నాయనా? ఏ ఊరు? ఎవరబ్బాయివి?" అని అడిగింది.

ఆ మనిషి ఆమె వైపు తిరిగాడు. పక్క కర్ర దగ్గర ఇంకెవరో, "మీ పేరేంటండీ?" అన్నారు, చుట్టాన్ని పలకరించినట్టు. అవతలి కర్ర దగ్గరా అదే మాట వినిపించింది. జీపు దగ్గరున్న వాళ్లని కూడా ఎవరో, "ఏ స్టేషనండీ మీది?" అని మర్యాదగా అడుగుతున్నారు. అటూ ఇటూ ఇళ్ల తలుపులు కిర్రుమన్నాయి. ఇద్దరు చాలే కర్ర దగ్గరికి నలుగురొచ్చి పట్టుకుంటున్నారు. మృత్యుంజయం భుజానికి ఒక భుజం తగిలింది. బీడీ వాసన. అది ఎవరి భుజమో అతనికి ఎప్పటికీ తెలియలేదు. అది కూడా వణుకుతోందని మాత్రం తెలిసింది.

ఎండ ఎక్కింది. అప్పుడు అతని చేతి దగ్గరే చిన్న చప్పుడైంది. టిక్. కాసేపటికి ఇంకొకటి. మునివేళ్లతో తడిమాడు. పోగులు గరగరలాడుతున్నాయి. పడుగు ఎప్పుడో ఆరిపోయింది. అది పెళుసెక్కి తెగుతోంది, పోగు తర్వాత పోగు. ఆ చప్పుడు వీధిలో అందరికీ వినిపిస్తోంది, నాంచారమ్మకి అందరికంటే ముందు. ఆమె దించమనలేదు.

ఆ మనిషి చెయ్యి చాపి దారాలు ముట్టుకున్నాడు. "ఆరిపోయింది కదే ముసలీ!"

"ఇంకా తడే నాయనా" అంది నాంచారమ్మ. టిక్ మంది మరో పోగు.

చాకు తెరుచుకున్న చప్పుడైంది. మృత్యుంజయం బొడ్డుకి ఎదురుగా, పోగుల మీద ఏదో తళుక్కుమంది. "కోసి పారేస్తే?"

"కొయ్యి" అంది ఆమె. ఆ గొంతులో పొగరు లేదు, భయమే ఉంది. "అందరం చూస్తానే ఉన్నాం."

ఎంతసేపో తెలియదు. చాకు మూసుకున్న చప్పుడైంది. బూట్లు వెనక్కి, వచ్చినప్పటికంటే తొందరగా నడిచాయి. ఆ ఇరుకులో తిప్పుకునే చోటు లేక జీపు వెనక్కి వెనక్కే పోయి, వీధి మొదట్లో ఆగింది. ఇంజను మాత్రం ఆపలేదు. ఆ గురగుర అక్కడినుంచి వినిపిస్తూనే ఉంది.

"దించండి" అంది నాంచారమ్మ. దించిన పడుగుని ఒక్కసారి ఈ కొసనుంచి ఆ కొసకి చూసుకుని, పైటతో మొహం తుడుచుకుంది. "తెగినయ్యన్నీ అతకాల. ఎక్కడికీ పోమాక పంతులూ, నీ కర్ర కాడివి నువ్వే అతకాల." వచ్చినవాళ్లు ఇళ్లలోకి పోలేదు. అక్కడే నేలమీద చతికిలబడి తెగిన కొసలు వెతకసాగారు.

మృత్యుంజయం జోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. చేతులు ఇంకా కర్ర పట్టుకున్నట్టే వంకర్లుపోయి ఉన్నాయి. వీధి మొదట జీపు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది, చూడకుండా ఉంటే బాగుండుననిపించేంత స్పష్టంగా. శరభయ్యగారు మేకు దగ్గరనుంచి మెల్లగా నడిచొచ్చి, పక్కన నిలబడ్డారు.

"గురువుగారూ" అన్నాడు, జీపు మీంచి చూపు తిప్పుకోలేక. "రేపు మళ్లీ వస్తారు."

శరభయ్యగారు కూడా అటు చూశారు.

"రేపు ఎవరి పడుగో కనుక్కున్నావా?" అన్నారు.