స్ఫటికపు మూత మీద ఎండ

నందికకు పదకొండు రోజులుగా తిండి సయించడం లేదు.

కృష్ణ ఒడ్డున, కొండ పాదాన ఉన్న భిక్షుణుల విహారంలో చేరి ఆమెకు పన్నెండేళ్ళయింది. పుట్టింది పూసలవాళ్ళ ఇంట్లో. తాత, తండ్రి, మేనమామలు అందరూ రాళ్ళు అరగదీసి, సానపట్టి బతికినవాళ్ళే. తల గొరిగించుకుని కాషాయం కట్టినా ఆ విద్య ఆమె వేళ్ళను విడిచిపోలేదు. అందుకే వృద్ధ భిక్షుణి సువ్రత కన్నుమూసినప్పుడు, ఆమె అస్థికలు ఉంచే భరిణె చేసే పని నందికకే అప్పగించారు. రాబోయే పౌర్ణమి నాడు దాన్ని స్తూపంలో ఉంచాలి.

రాయి మంచిది దొరికింది. నిలిచిన నీళ్ళలా తేటగా ఉన్న స్ఫటికం. భరిణె తొలవడానికి మూడు నెలలు, దాని మూతకు ఎనిమిది పలకలు తీర్చడానికి మరో నెల పట్టింది. ఆఖరి పలకకు మెరుగుపెట్టిన పొద్దున, మూతను కిటికీలోంచి పడే ఎండలో పెట్టి చూసింది.

ఎదురుగా సున్నపు గోడ మీద రంగులు పడ్డాయి. ఒక కొసన ఎరుపు, దాని పక్కన పసుపు, ఆకుపచ్చ, నీలం, రెండో కొసన వంకాయ రంగు.

నందిక చటుక్కున మూతను ఎండలోంచి తీసేసింది. "రంగు విసిరే రాయిలో మలినం ఉంటుంది, పక్కన పడెయ్" అని తండ్రి అనేవాడు.

మళ్ళీ సానపట్టింది. మెత్తటి పొడి వేసి, తోలుతో రుద్ది, నీళ్ళతో కడిగి మళ్ళీ ఎండలో పెట్టింది. రంగులు పోకపోగా ఇంకా స్పష్టంగా కనిపించాయి. పదకొండు రోజులూ అదే పని. ఎంత రుద్దితే రంగులు అంత తేరాయి. వేళ్ళ కొసలు చిట్లి రక్తం వచ్చింది.

ఇంకో రోజులో పౌర్ణమి అనగా, మూతను గుడ్డలో చుట్టుకుని విహారపు పెద్ద క్షాంతి గదికి వెళ్ళింది. క్షాంతికి డెబ్బై దాటాయి. గడప దగ్గర కూర్చుని చిరిగిన కాషాయానికి మాసిక వేసుకుంటోంది.

"అమ్మా, దీన్ని ఏట్లో పారెయ్యండి" అంది నందిక. "సువ్రతమ్మ ఎముకల మీద మూత పెట్టడానికి ఇది తగదు. నేనూ ఈ కాషాయానికి తగను. పంపించెయ్యండి."

క్షాంతి సూది గుచ్చి పక్కన పెట్టింది. "మూత విరిగిందా?"

"లేదమ్మా. మలినపడింది."

"రాయి ఎలా మలినపడుతుందే తల్లీ?"

కట్ట తెగినట్టు నందిక అంతా చెప్పేసింది.

తల్లి లేని తనను సువ్రత సొంత బిడ్డలా చూసుకుంది. అలాంటిది పోయే ముందు మూడు రోజులు తనను లోపలికి పిలవలేదు. నిన్నగాక మొన్న వచ్చిన విపులను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆఖరి గుక్కెడు నీళ్ళు విపుల చేత్తోనే తాగింది. తలుపు బయట నిలబడి నందిక అవన్నీ విన్నది.

"ఆ కోపంతోనే రాయి పట్టుకున్నానమ్మా. విపుల ముఖం తలుచుకుని అరగదీశాను. ఒక్కోరోజు సువ్రతమ్మ మీద కూడా పళ్ళు నూరాను. మరో రోజు ఆవిడ నాకోసం పాడే పాట గుర్తొచ్చి ఏడ్చాను. ఒక్క పూటైనా నిర్మలమైన మనసుతో పని చెయ్యలేదు. అదంతా రాయిలోకి దిగిపోయింది. గోడ మీద కనిపిస్తోంది. రేపు నలుగురూ చూస్తారు."

క్షాంతి ఓదార్చలేదు, మందలించలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి, "పద, చూపించు" అంది.

నందిక పనిచేసే గదిలో కిటికీలోంచి సన్నగా ఎండ పడుతోంది. మూతను పీట మీద పెట్టింది. గోడ మీద రంగులు పరుచుకున్నాయి. తలెత్తి చూడలేక నందిక నేలవైపు చూస్తూ నిలబడింది.

ముసలామె చాలాసేపు ఆ రంగులకేసి చూసింది. "ఇందులో నీ కోపం ఏది?"

"ఎరుపు" అంది నందిక, వెంటనే.

"నీ ఏడుపు?"

"ఆ నీలం కాబోలు."

క్షాంతి బయటకు వెళ్ళి, కొండలో గుహ తొలిచే పనివాళ్ళ దగ్గర కంచు అద్దం అడిగి తెచ్చింది. లోపలి చీకట్లోకి వెలుతురు పంపడానికి వాళ్ళు వాడే అద్దం అది. తాంబాళంలా లోపలికి గుంటగా ఉంటుంది. ఒక తాటాకు ముక్క కూడా తెచ్చి నందిక చేతిలో పెట్టింది.

అద్దాన్ని రంగులకు అడ్డం పెట్టింది. రంగులన్నీ దాని గుంటలో పడ్డాయి. అటూ ఇటూ వంచుతూ పక్క గోడ మీదికి వెలుతురు తిప్పింది. "ఆగు, నా చెయ్యి వణుకుతోంది" అంటూ ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేసింది. గోడ మీద రంగులు చెదిరాయి, దగ్గరికొచ్చాయి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరికి అరచేయంత మచ్చ ఒకటి నిలిచింది.

తెల్లటి మచ్చ. కిటికీలోంచి వచ్చిన ఎండలాంటిదే.

నందిక నోరు తెరుచుకుని చూసింది. మూత పీట మీదే ఉంది. కొత్తగా ఎవరూ ఏదీ కడగలేదు, రుద్దలేదు.

"ఆ ఆకు అడ్డం పెట్టి నీ కోపాన్ని తీసెయ్" అంది క్షాంతి.

నందిక తాటాకును అద్దం ముందు, ఎరుపు పడుతున్న చోట నిలిపింది. గోడ మీది తెల్ల మచ్చ పాకుడు పట్టిన నీళ్ళ రంగుకు తిరిగింది.

గబుక్కున ఆకు తీసింది. తెలుపు వచ్చింది.

"నీలం చూడు."

ఆకును రెండో కొస వైపు, నీలం పడుతున్న చోటికి జరిపింది. ఈసారి మచ్చ కామెర్లు వచ్చినవాడి కన్నులా పచ్చబడింది. నందిక ఆకు తీసింది. మధ్యలో పెట్టింది. తీసింది. ఎక్కడ పెట్టినా తెలుపు తెలుపుగా ఉండలేదు. తీసినప్పుడల్లా, ఏమీ జరగనట్టు, మళ్ళీ వచ్చి గోడ మీద కూర్చుంది.

"నా చెయ్యి పడిపోయేలా ఉంది" అంది క్షాంతి. "తొందరగా చెప్పు, ఏ రంగు తీసెయ్యమంటావు?"

నందిక చేతిలోంచి ఆకు జారి నేల మీద పడింది. నాలుగు నెలలుగా బిగబట్టుకున్నదేదో ఛాతీలో సడలింది. కళ్ళు తుడుచుకుంటూ ముందుకు వచ్చి, ముసలామె చేతుల్లోంచి బరువైన అద్దాన్ని తను అందుకుంది.

క్షాంతి చేతులు విదిలించుకుని, భుజం నొక్కుకుంటూ గుమ్మం వైపు నడిచింది.

"అమ్మా" అని వెనకనుంచి పిలిచింది నందిక. "పొద్దుటి గంజి ఏమైనా మిగిలిందా?"

"అడుగున ఉంటుంది" అంది క్షాంతి తిరిగి చూడకుండా. "బాగా కలిపి పోసుకో."