రెండు మట్టిముద్దలు

ఇప్పచెట్ల అడవిలో వేసవంతా నక్కదే పెత్తనం. చెట్ల కింద ఎండాకులకు నిప్పు పెడుతుంది. నేల శుభ్రమయ్యాక రాలిన పూలను ఎలుకల చేత ఏరించి గుట్ట పోస్తుంది. ఆ గుట్టలోంచి ఉమ్మడి గాదెకు వాటా ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో తేల్చేది అడవిదున్న, నెమలి. ఇద్దరూ ఒకే మట్టిముద్ద మీద కాలిముద్ర వేస్తేనే అది చెల్లుతుంది. తొలి ఉరుము లోపు వెయ్యకపోతే ఆ ఏడు వాటా లేదు.

వానాకాలమంతా ఎలుకలకూ, ఉడుత పిల్లలకూ గాదెలోని ఎండు పూలే తిండి. అందుకే మబ్బు కనబడగానే ఉడుత ఆ ఇద్దరి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"గుట్టలో సగం ఇవ్వాల్సిందే!" అంటోంది దున్న. "ఏరిన ఎలుకల డొక్కలు చూడు, వెన్నుకంటుకుపోయాయి."

"సగం తీసుకుంటే నక్క నిప్పు పెట్టడం మానేస్తుందా?" అంది నెమలి. "కాల్చిన చెట్టుకు ఇన్ని బుట్టలని పెట్టు. కాల్చకపోతే వదిలెయ్."

"వదిలెయ్యాలా? ఎలుకలు చెట్లు కావు కాబట్టి నీ కంటికి ఆనవు!"

"నీకు కడుపు తప్ప ఇంకేం ఆనింది? మొలకలన్నీ మాడిపోతే రేపు ఏరేది ఏమిటి, బూడిదా?"

ఉడుత తల పట్టుకుంది. "దున్న మామా, నెమలక్కా, రెండూ పెట్టండి! సగం వాటా, కాలిస్తే పైన ఇంకొన్ని బుట్టలు. నా పిల్లలు తినేది పూలు, మీ వాదనలు కాదు."

"అయితే ముందు ఎవరి మాట?" అన్నారిద్దరూ ఒక్కసారే.

అంతలో నక్క తోకూపుకుంటూ వచ్చింది. "పెద్దలు నా కోసం గొంతు చించుకోవాలా? మీలాంటి నిక్కచ్చివాళ్లు రాజీపడితే నేను చూడలేను. చెరో ముద్ద చేసుకోండి. రెండింటికీ దణ్ణం పెడతాను."

"వద్దు! ఒకటే ముద్ద!" ఉడుత అరిచింది.

వినేదెవరు? దున్న తన ముద్ద మీద గిట్ట దించింది. నెమలి వేళ్లు అందంగా పడేదాకా మూడుసార్లు సర్దుకుంది. పెళపెళమని ఉరిమింది.

నక్క చెప్పినట్టే రెండింటికీ దణ్ణం పెట్టింది. "అద్భుతం! ఒక్కదాని మీదా ఇద్దరి కాళ్లూ లేవు. మరి కట్టుబాటు కట్టుబాటే కదా!" అని ఎలుకల వైపు తిరిగింది. "గుట్టంతా నా గుహలోకి మోయండ్రా."

"నీ వల్లే!" అంది దున్న.

"నీ వల్లే! అయినా నా ముద్రే చక్కగా పడింది," అంది నెమలి.

వాన దంచింది. రెండు ముద్దలూ కరిగి ఒకే బురదగా పారాయి.

"ఇప్పుడు కలిశాయి, చూసుకోండి," అని ఉడుత ఖాళీ గాదె వైపు నడిచింది.

ఆకలిగా ఉన్నవాళ్లను మరిచి ఎవరి మాట ముందని కొట్లాడుకునేవాళ్లు, దోచుకునేవాడికి జీతం లేని కాపలాదారులు.