వాగు తెచ్చిన నేల

నాగలింగస్వామికి ఒక అలవాటుంది. చేతులు ఖాళీగా పెట్టుకుని అడిగే ప్రశ్నకు ఆయన జవాబు చెప్పడు. అందుకే శిష్యుడు సుంకన్న ఆ మధ్యాహ్నం బావిగుంత దగ్గర పార పట్టుకునే అడిగాడు.

"సామీ, పొద్దుగూకేలోగా ఈ గుంత పూడ్చమని దేశాయి కబురు పెట్టినాడు. ఆయన యాడ, మేం యాడ? పూడ్చేస్తే పోలేదా?"

ఊరి పెత్తందారు దేశాయి, ఊరబావిని సుంకన్న వాళ్ల పాలెంవాళ్లకు కాకుండా చేసి ఏడాదయింది. సరే, మా నీళ్లు మేమే చూసుకుంటామని వాళ్లు తవ్వకం మొదలుపెడితే అదీ ఆయనకు కంటగింపే. ఏం పెద్దరికమో! తాను పెట్టడు, ఒకర్ని తిననివ్వడు. పాలెంలో తవ్వకానికి ఇంటికొక రోజు వంతు. వంతు ఎవరిదైతే వాడొక్కడే గుంతలో దిగుతాడు, తిట్లూ వాడొక్కడే తింటాడు. ఆ రోజు వంతు సుంకన్నది.

స్వామి గుంతలోకి దిగి, శిష్యుణ్ణీ దిగమన్నాడు. "గోడ చూడు. అడుగునుంచి చెప్పుకుంటా రా."

అడుగున నల్లటి బంకమట్టి, అందులో నత్తగుల్లలు. "ఇది చెరువు సామీ. మా తాతల తాతలకంటే ముందెప్పుడో ఈడ సముద్రమంత చెరువుండేదంట." దాని మీద మూరెడు మందాన ముతక ఇసుక, ఏటవాలుగా పరుచుకుని ఉంది. "ఇది కొండవాగు తెచ్చి పోసింది. నీళ్లను వెనక్కి నెట్టి నేల చేసుకునింది." ఆ పైన వేలెడు మందాన మళ్లీ నల్లమట్టి. సుంకన్న అక్కడ ఆగిపోయాడు. "అరె, చెరువు మళ్లీ మీదికొచ్చిందే! అప్పుడు వాగు ఇసుక తేవడం తగ్గిందేమో." ఆ పైన మళ్లీ ఇసుక, ఈసారి నిలువెత్తున.

"ఆ చెరువేదిరా ఇప్పుడు?" అన్నాడు స్వామి.

సుంకన్నకు నవ్వొచ్చింది. ఆ చెరువు ఉన్నచోటే, వాగు కొంచెం కొంచెంగా తెచ్చిపోసిన ఇసుక మీదే ఇప్పుడు ఊరంతా జొన్న వేస్తోంది.

అంతలో దేశాయి మనిషి ఓబన్న గట్టుమీంచి తొంగిచూశాడు. "ఏమిరా, పూడుస్తావా లేదా?"

"పూడ్చను. పోయి చెప్పుకో."

"కొవ్వెక్కిందిరా నీకు! రేపు పదిమందితో వస్తా. గుంతలో ఎవడుంటే వాణ్ణీ కలిపి పూడుస్తాం."

"రా, చూస్తాం!" అని అరిచాడు సుంకన్న. ఇన్నేళ్లుగా మింగిన కోపమంతా ఆ రెండు మాటల్లో బయటపడింది. ఓబన్న బూతులు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

సుంకన్న పార గోడకు ఆనించి స్వామి వైపు తిరిగాడు. "అననైతే అన్నా సామీ. నాకు భయం లేదు. కానీ రేపు వంతు పక్కింటి రంగమ్మది. మొగదిక్కు లేని మనిషి. పదిమంది మీదికి ఆమెనొక్కదాన్నీ ఎట్ల దింపేది?"

స్వామి గోడలోని ఆ వేలెడు నల్లమట్టి మీద చెయ్యి వేశాడు.

"వాగు తక్కువ తెచ్చిన కాలంలోనే గదరా ఈ చెరువు మీదికొచ్చింది," అన్నాడు. "రోజుకొక్కరే దిగితే అదీ తక్కువేరా. మీ పాలెంలో ఇళ్లెన్ని?"