నూట ఇరవై చింతగింజలు

పొద్దు గూకింది, వాన సన్నగా పడుతోంది. ఆ తలుపు దగ్గరికి వేసి ఇటు జరగండర్రా. కథ మధ్యలో మంచినీళ్ళంటూ ఎవరైనా లేచారో, అక్కడితో ఆపేస్తా.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో చెంచయ్య అని ఒక గాజుల వ్యాపారి. అతని పెళ్ళాం నాంచారమ్మ. ఇద్దరు కొడుకులు, పెద్దాడు పోలయ్య, చిన్నాడు గురవయ్య. పోలయ్య పెళ్ళాం వెంగమ్మ. ఏటికి అవతల కోట, కోటలో రాజుగారు. రాజుగారికి ఈ కథలో పనేం లేదు, ఉన్నాడంతే. కోట ముందు జరిగే తిరునాళ్ళతోనే మన పని.

చెంచయ్య తిరునాళ్ళలో తప్ప గాజులమ్మడు. వాళ్ళ తాత అక్కడే అమ్మాడట, తండ్రీ అక్కడే అమ్మాడట. "తిరునాళ్ళ వ్యాపారిని, వీధివీధీ తిరిగి కేకలు పెడతానా?" అనేవాడు. పెట్టెలు నెత్తికెత్తి, కొడుకుల్నీ కోడల్నీ వెంటేసుకుని పడవెక్కడమే.

గాజులు చేసే కొలిమి దగ్గర డజను ఎనిమిది కాసులకి కొంటాడు. తిరునాళ్ళలో పన్నెండుకి అమ్ముతాడు. ఎనిమిది పెడితే నాలుగు లాభం. "పెట్టినదాంట్లో సగం లాభమే!" అని మీసం దువ్వుకుంటాడు. మరి ఇంటికొచ్చి డబ్బుల పెట్టె తెరిస్తేనో, అడుగున నాలుగు కాసులు గలగల. బియ్యం కుండ ఎప్పుడు చూసినా సగానికే. లాభం ఎటు పోయింది? పెట్టెలో దెయ్యం దూరి మింగేస్తోందన్నాడు చెంచయ్య. మంత్రగాణ్ణి పిలిచాడు. ఆయన పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగి, ఏడు నిమ్మకాయలు కట్టి, ఒక నల్లకోడినీ పదకొండు కాసుల్నీ పట్టుకుపోయాడు. నిమ్మకాయలు ఎండిపోయాయి, పెట్టె మాత్రం నిండలేదు. దెయ్యం బాగా మొండిదన్నాడు చెంచయ్య.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

నాంచారమ్మ మాట తక్కువ మనిషి. కిందటేటి నుంచీ ఆ మాటా ఇంకా తగ్గింది. ఎందుకంటే, తిరునాళ్ళకి పోతుండగా నడి ఏట్లో పడవ ఒరిగి చిన్నాడు నీళ్ళలో పడ్డాడు. పడవాయన జుట్టు పట్టి లాగాడు గనక బతికాడు. ఆ కబురు విన్నప్పట్నుంచీ చిన్నాడు ఏటివైపు పోతే చాలు, ఆవిడ వెనకే పరిగెడుతుంది.

మళ్ళీ శ్రావణం వచ్చింది. ఏరు ఎర్రగా పొంగుతోంది. చెంచయ్యేమో ఈసారి వంద డజన్లు తీసుకుపోదామన్నాడు. ఎక్కువ అమ్మితే దెయ్యం తినగా కూడా మిగులుతుందని అతని లెక్క. మర్నాడు పొద్దున్నే పడవ.

నాంచారమ్మ ఆలోచనలో పడింది. వద్దంటే వింటాడా? ఏడిస్తే వింటాడా? లాభం కోసమే కదా పోవడం, ఆ లాభమేదో కళ్ళతో చూద్దామనుకుంది. మధ్యాహ్నం వేళ నూట ఇరవై చింతగింజలు తెచ్చి అరుగు మీద పోసింది.

"ఏమే, వామనగుంటలాడే వయసా?" అన్నాడు చెంచయ్య.

"పది డజన్లు అమ్మితే చేతికెంతొస్తుంది?" అని అడిగింది.

"నూట ఇరవై."

"ఇవిగో. కొలిమాయనకెంత?"

"ఎనభై." ఎనభై గింజలు తీసి పక్కన పెట్టింది. నలభై మిగిలాయి. "చూశావా, నలభై లాభం!" అని నవ్వాడు చెంచయ్య.

ఆవిడ నవ్వలేదు. గాజులు తొడిగేది కోడలు గనక కోడల్ని పిలిచింది. "తిరునాళ్ళలో పది డజన్లు తొడిగేసరికి ఎన్ని పగుల్తాయే?"

"పధ్నాలుగైనా పగుల్తాయత్తా. మీద పడి తోసుకుంటారు. వాళ్ళ చెయ్యేమో గుమ్మడికాయంత, అడిగేదేమో చిన్న పిల్లల కొలత! మావయ్యేమో కానీ కానీ అని వెనకనించి అరుపు."

ఏంట్రా బుజ్జీ, పగిలితే డబ్బు ఎవరిస్తారంటావా? మంచి మాట అడిగావు. గాజు మణికట్టు దాకా దిగితేనే కొన్నవాళ్ళది. దిగేలోపు పగిలిందా, అమ్మినవాడిదే. అది గాజుల వాళ్ళ ధర్మం. పైగా డజనుకొక గాజు కొసరు. ముత్తైదువ చేతికి కొసరు మానకూడదు.

పగిలినవి పధ్నాలుగు, కొసరు పది, మొత్తం ఇరవై నాలుగు గాజులు. అంటే రెండు డజన్లు. వాటికీ కొలిమాయనకి ఇచ్చింది డబ్బే కదా! పదహారు గింజలు తీసింది. ఆపైన పది డజన్ల వంతుకి పడవాయన ఆరు, పందిరి అద్దె ఆరు, నలుగురి తిండి తొమ్మిది. తీస్తూ ఒక్కొక్కటీ వరస చెప్పింది.

కొలిమికి ఎనభై, ముక్కకీ కొసరుకీ పదహారు, పడవకి ఆరు, పందిరికి ఆరు, పొట్టకి తొమ్మిది.

అరుగు మీద మిగిలినవి మూడు.

చెంచయ్య మూడు గింజల్నీ తిరగేసి చూశాడు. అరుగు కింద వెతికాడు. "నువ్వేదో దాచావే" అన్నాడు. పోలయ్య వచ్చి మళ్ళీ ఎంచాడు. కొలిమికి ఎనభై, ముక్కకీ కొసరుకీ పదహారు, పడవకి ఆరు, పందిరికి ఆరు, పొట్టకి తొమ్మిది. మళ్ళీ మూడే!

"నూట ఇరవైలో మూడు. అంటే నలభై కాసులు చేతికొస్తే అందులో మనది ఒక్కటి" అంది నాంచారమ్మ. "దెయ్యం లేదు, గియ్యం లేదు. ఈ ఒడ్డునే అమ్మితేనో?"

"ఈ ఒడ్డున పన్నెండెవరిస్తారు?"

"పదకొండుకే ఇవ్వు."

"పిచ్చి పట్టిందా? ధర తగ్గిస్తే లాభం పెరుగుతుందా?"

ఆవిడ మళ్ళీ గింజలు పోసింది, ఈసారి నూట పది. కొలిమికి ఎనభై. పడవ లేదు, పందిరి లేదు, తిండి ఎటూ ఇంట్లోదే. ఇంటింటికీ వెళ్ళి, అరుగు మీద కూర్చుని, చేతికి నూనె రాసి, బొటనవేలు లోపలికి మడిచి నిదానంగా తొడిగితే ఎన్ని పగుల్తాయని కోడల్ని అడిగింది. రెండుకి మించవంది కోడలు. రెండు పగిలినా, పది కొసరిచ్చినా ఒక్క డజను. ఎనిమిది గింజలు తీసింది.

అరుగు మీద ఇరవై రెండు.

"అయిదింట్లో ఒకటి మనదయ్యా. కోట ముందు వంద డజన్లమ్మితే ముప్పై కాసులు. ఇక్కడ పదిహేను డజన్లమ్మితే ముప్పై మూడు."

చెంచయ్య మీసం మీద చెయ్యేశాడు. "తిరునాళ్ళ వ్యాపారినే నేను. వీధుల్లో..."

"ఈ ఒడ్డున ఆడవాళ్ళకి చేతుల్లేవా మావయ్యా?" అంది వెంగమ్మ.

కొడుకులు పక్కున నవ్వారు. అప్పుడు నాంచారమ్మ అతని దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పింది. ఒక్క రోజు చూడమంది. తన లెక్క తప్పయితే ఎల్లుండి తానే పెట్టె మోసి పడవెక్కిస్తానంది. చెప్పినంతసేపూ ఆవిడ చిన్నాడి చెయ్యి వదల్లేదు, అది చూశాడు చెంచయ్య. పొద్దున్నే పడవ దగ్గరికి పోకుండా గాజులు నాలుగు మూటలు కట్టాడు.

పడుకున్నారా ఏంటి? ఊ కొట్టండర్రా, అయిపోవచ్చింది.

నలుగురూ నాలుగు పల్లెలకి పోయారు. చెంచయ్యకి మొదటి కేక గొంతులోనే ఆగిపోయిందట, రెండోది కాస్త పైకొచ్చిందట. మూడో కేకకి ఒక ముసలమ్మ బయటికొచ్చి, "ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చావయ్యా!" అని చెయ్యి చాపిందట. ఆ రోజు నలుగురూ కలిసి అమ్మింది సరిగ్గా పదిహేను డజన్లు. అన్ని ఖర్చులూ పోగా ముప్పై మూడు కాసులు. ఆ తర్వాత వాళ్ళ బియ్యం కుండ మూతి దాకా నిండే ఉండేది. చెంచయ్య నిమ్మకాయలు కోసి పారేసి, మంత్రగాడి పెళ్ళానికి కూడా గాజులమ్మాడు, కొసరుతో సహా. అందుకే చెబుతున్నా, మీరు రేపు ఏం అమ్ముకున్నా సరే, ఎంతకి కొన్నాం ఎంతకి అమ్మాం అని చూసి మురిసిపోకండి. వచ్చిన డబ్బంతా ముందు పోసుకుని, పోయేవన్నీ తీసేసి, ఎన్నింట్లో ఒకటి మనకి మిగిలిందో చూసుకోండి.

అదంతా తర్వాతి సంగతి. వాళ్ళు పల్లెలకి పోయిన ఆ మొదటి రోజు మధ్యాహ్నానికే పైన కొండల్లో వాన దంచింది. ఏరు ఒడ్డు దాటింది. పడవాయన పడవని చెట్టుకి కట్టేసి ఇంటికెళ్ళి పడుకున్నాడు. మన కథ కూడా కంచి బాట పట్టిందర్రా, మీరూ కళ్ళు మూసుకోండి. పొద్దు గూకేసరికి నాంచారమ్మ ఒక్కతే దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ముందు పెద్దాడు వచ్చాడు, ఒకరు. తలమీద కొంగేసుకుని కోడలు, ఇద్దరు. బురదకాళ్ళతో చెంచయ్య, ముగ్గురు. కాసేపు ఎవరూ రాలేదు. తర్వాత వీధి మలుపులో ఈల వినబడింది. చిన్నాడు.

నలుగురు.