కాలువ దారిలో మద్దిచెట్టు

దూలకొండ అడవిలో అడవిపందులు, దుప్పులు, కుందేళ్లు, అలుగులు, రకరకాల పిట్టలు కలిసిమెలిసి ఉండేవి. ఒక ఎండాకాలం అవి నీళ్లు తాగే గుంట ఎండిపోయింది. కొండ మీద ఊట మాత్రం పారుతూనే ఉంది. అక్కడి నుంచి గుంట దాకా కాలువ తవ్వాలని జంతువులన్నీ అనుకున్నాయి.

తవ్వడంలో చేయి తిరిగినవాళ్లు ఇద్దరే. ఒకరు కోరలయ్య అనే అడవిపంది. ఇంకొకరు పొలుసమ్మ అనే అలుగు. ఒంటినిండా పొలుసులు, కాళ్లకు పొడవాటి గోళ్లు ఉన్న నెమ్మదస్తురాలు. కోరలయ్య ఊట వైపు నుంచి, పొలుసమ్మ గుంట వైపు నుంచి పని మొదలుపెట్టారు.

పొలుసమ్మ దారిలో పెద్ద మద్దిచెట్టు ఉంది. అటూ ఇటూ బండరాళ్లు, పక్కకు తప్పుకునే వీల్లేదు. ఆ చెట్టు తొర్రలో, ముక్కు మీద కొమ్మున్న పెద్ద పిట్ట ఒకటి గుడ్లు పెట్టింది. తొర్ర మూతిని మట్టితో మూసుకుని లోపలే పొదుగుతోంది. మగపిట్ట సన్నని సందులోంచి మేత అందిస్తున్నాడు.

"పొలుసమ్మక్కా! నా ఇల్లాలు లోపలుంది. చెట్టు పడితే బయటికి రాలేదు," అని బతిమాలాడు మగపిట్ట.

"దిగులు పడకు తమ్ముడూ, నేను చూసుకుంటాను," అంది పొలుసమ్మ.

పని చూడ్డానికి అటుగా వచ్చిన కోరలయ్య పకపకా నవ్వాడు. "వేళ్లన్నీ మొదలు కిందే నిలువుగా ఉంటాయమ్మా! పుట్టినప్పటి నుంచి గెడ్డలు తవ్వి తింటున్నాను, నాకు తెలీదా? మొదలుకు దూరంగా తవ్వితే చాలు."

"చెట్టు గెడ్డలాంటిది కాదన్నా. దాని వేళ్లు కొమ్మల కన్నా దూరం పాకుతాయి, అదీ పైపైనే," అంది పొలుసమ్మ.

"నీ చాదస్తం నువ్వూ!" అన్నాడు కోరలయ్య.

తన వైపు కాలువకు తిరిగి వెళ్లి, అడ్డొచ్చిన వేరునల్లా కోరతో తెంపుకుంటూ పోయాడు. అతని కాలువ పక్కనున్న నేరేడుచెట్టే అతని ఇల్లు. తవ్విన మట్టినీ రాళ్లనూ దాని మొదట్లోనే గుట్టపోశాడు. తన సగం ముందే ముగించి, నీడలో కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

పొలుసమ్మ పని మాత్రం చూసి తీరాల్సిందే! లావు వేరు తగిలితే చుట్టూ మట్టిని సుతారంగా తీసి, దాని కిందుగా సొరంగం తవ్వేది. బయటపడ్డ వేళ్లు ఎండిపోకుండా తడిమట్టి, ఆకులు కప్పేది. తవ్విన మన్ను వేళ్ల మీద బరువు కాకుండా కొమ్మల నీడ దాటించి దూరంగా పోసేది. గోళ్లు అరిగాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా ఒక్క లావు వేరునూ తెగనివ్వలేదు. అంత ఓపిక ఎవరికుంటుంది!

ఆలస్యమైనా కాలువ పూర్తయింది. వేళ్ల కిందుగా నీళ్లు గలగలా పారి గుంటను నింపాయి. అందరూ కడుపునిండా తాగారు.

కొన్నాళ్లకు పెద్ద గాలివాన వచ్చింది. వేళ్లు తెగిన నేరేడుచెట్టు పెళపెళమంటూ కూలింది. కోరలయ్య ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు కానీ, ఒక కోర విరిగింది, ఇల్లు పోయింది. ఇటు మద్దిచెట్టు కూడా విలవిల్లాడుతూ ఊగింది. మగపిట్ట భయంతో కళ్లు మూసుకున్నాడు. పొలుసమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. చెట్టు ఊగింది కానీ ఒరగలేదు.

వాన వెలిశాక తొర్రలోంచి టకటకమని చప్పుడు వినిపించింది. మట్టి గోడ పగిలింది. తల్లిపిట్ట బయటికి తొంగిచూసింది, దాని వెనక బొద్దుగా ఒక పిల్ల! పొలుసమ్మ కళ్లు చెమర్చాయి. అడవంతా ఆమెను మెచ్చుకుంది.

తడిసి ముద్దయిన కోరలయ్య తల దించుకుని వచ్చాడు. "అమ్మా, ఈ చెట్టు కింద నాకు కాస్త చోటుందా?"

"రా అన్నా, చెట్టు అందరిదీ. మిగిలిన కోరతో మాత్రం నేల ముట్టకు," అంది పొలుసమ్మ.

నీతి: చెట్టును నిలబెట్టేవి కంటికి కనిపించని వేళ్లే, తొందరపడి వాటిని తెంపినవాడు తన నీడనే పోగొట్టుకుంటాడు.