తిమింగిలాన్ని మింగేది

చాలాకాలం కిందట తూర్పు సముద్రపు ఒడ్డున వేలాపురమనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే గజకేతు మహారాజుకు గొప్పలంటే మహా ఇష్టం. పొరుగురాజు తెల్ల ఏనుగును తెచ్చుకున్నాడని విన్నప్పటినుంచి ఆయనకు అన్నం సయించడం లేదు.

అదను చూసి ఆస్థాన పండితుడు సర్వేశ్వరశాస్త్రి తిమింగిలం సంగతి ఎత్తాడు. సముద్రంలో తిమి అనే మహామత్స్యం ఉందట. దాన్ని ఒక్క గుక్కలో మింగేది తిమింగిలమట. దాని పంటి సందులో ఏనుగు ఇరుక్కున్నా తెలియదట. రాజు కళ్లు మెరిశాయి. పున్నమిలోగా తిమింగిలాన్ని పట్టి తెచ్చి కోట కొలనులో వదలాలనీ, లేకపోతే పడవలన్నీ తగలబెట్టిస్తాననీ బెస్తవాళ్లకు ఆజ్ఞ వెళ్లింది.

బెస్తల పెద్ద పోలయ్య పరుగున వచ్చి, రాజుగారి విదూషకుడు తిప్పన కాళ్లమీద పడ్డాడు. పడవలు పోతే పిల్లలకు గంజి కూడా దొరకదని ఏడ్చాడు. అలాంటి చేప లేదంటే రాజుకు కోపం, ఉందంటే బెస్తలకు చావు. చాలాసేపు తల పట్టుకు కూర్చుని, చివరికి లేచి పోలయ్యను వెంటబెట్టుకుని తిన్నగా సభకు వెళ్లాడు.

తిమింగిలం దొరికిందనీ, రేవు బయట కట్టేసి ఉంచారనీ మనవి చేశాడు. రాజు సింహాసనం మీంచి సగం లేచి, వెంటనే తెమ్మన్నాడు.

"చిత్తం ప్రభూ. పండితులవారిని ఒక్క సందేహం అడిగి తెప్పిస్తాను," అని తిప్పన శాస్త్రి వైపు తిరిగాడు. "అయ్యా, తిమింగిలాన్ని మింగేది ఏదైనా ఉందా?"

విద్య చూపించే అవకాశం వచ్చిందని శాస్త్రి పొంగిపోయాడు. "లేకేం? తిమింగిలగిలం."

తిండి వెతుక్కుంటూ అది కొలను దాకా వస్తుందా అని తిప్పన అడిగితే, రాకుండా ఎలా ఉంటుందన్నాడు. మరి దాన్ని మింగేది? తిమింగిలగిలగిలం. దాన్ని? శాస్త్రి గట్టిగా ఊపిరి పీల్చుకుని ఇంకో గిల తగిలించాడు.

రాజు ముఖం పాలిపోయింది. కొలను పక్కనే ఆయన పడకగది.

"ఈ గిలలు ఎక్కడ ఆగుతాయి శాస్త్రీ?"

ఆగినట్టు శాస్త్రంలో ఎక్కడా లేదని శాస్త్రి గర్వంగా చెప్పాడు.

"అయితే ఒకదాని వెనక ఒకటి కోటకే వస్తాయి ప్రభూ," అన్నాడు తిప్పన. "ఆ తర్వాత గిలగిలా కొట్టుకోవలసింది మనమే."

ఆ చేపను తక్షణం విప్పి సముద్రంలోకి తోలేయమనీ, ఇకమీదట ఎవరూ దాని జోలికి పోవద్దనీ రాజు ఆజ్ఞ ఇచ్చాడు. పోలయ్య దండం పెట్టి రేవుకు పరుగెత్తాడు.

సభ చాలించాక రాజు తిప్పనను దగ్గరికి పిలిచాడు. "నిజం చెప్పు. దాన్ని పట్టారా?"

తిప్పన చేతులు కట్టుకుని, "పండితులవారు దాన్ని ఎంత నిజంగా చూశారో, వీళ్లూ అంత నిజంగానే పట్టారు ప్రభూ," అన్నాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. శాస్త్రిని మాత్రం బెస్తల పడవెక్కించి, సముద్రంలో ఏముందో కళ్లారా చూసి రమ్మని పంపాడు. వెళ్లినంతసేపూ పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకున్న శాస్త్రి, ఆ పైన సభలో చేప ఊసెత్తలేదు.