ఉసున్ అవ్వ మూతపెట్టిన కుండ

అనగనగా ఒక ఊళ్ళో... ఆగు బుజ్జీ, ఏ ఊరని ఇప్పుడే అడక్కు, చెబుతాగా. సముద్రం దాటి పోవాలి. ఇండోనేషియా అని ఒక దేశం. అందులో బోర్నియో అని ఒక పెద్ద దీవి. ఆ దీవి నడిబొడ్డున అడవి, అడవిలో ఒక ఏరు, ఏటి ఒడ్డున లోంగ్ సెమాయు అని చిన్న ఊరు. పక్క ఊరికి పోవాలంటే పొద్దు గూకేదాకా తెడ్డు వెయ్యాలి. అంత పలచన మనుషులు అక్కడ.

ఆ ఊళ్ళో అందరిదీ వ్యవసాయమే. కానీ నాగలి లేదు, ఎడ్లు లేవు. కొండవాలు మీద పొదలు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో కర్రతో గుంటలు పొడిచి వడ్లు వేస్తారు. ఒక పంట తీశాక ఆ నేల చెక్కని వదిలేస్తారు. "ఇంక పడుకోవే తల్లీ" అని వదిలేస్తారు. అది ఏళ్ళ తరబడి పడుకుంటుంది. చెట్లు మొలుస్తాయి, ఆకు రాలుతుంది, నేలకి బలం వస్తుంది. అప్పుడు మళ్ళీ దాని దగ్గరికే వెళ్తారు. "దున్నేవాడిదే భూమి" అని మీ మామయ్య గోడల మీద రాసేవాడు కదా, మరి దున్నని రైతు సంగతేమిట్రా అని అడగాలి వాణ్ణి.

ఆ ఊళ్ళో ఉసున్ అని ఒక అవ్వ ఉండేది. ఆవిడకి కోడలు బుంగన్. నోరుగల పిల్ల.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. గడప తొక్కిన వాళ్ళకి అన్నం చూపించాలి. ఆకలి లేకపోతే తినక్కర్లేదు, వేలితో ముట్టుకుంటే చాలు. అన్నం చూసి కూడా ముట్టుకోకుండా పోయారో, దారిలో పామైనా కరుస్తుంది, మొసలైనా లాగుతుంది. అది వాళ్ళ నమ్మకం. అందుకని ఎవరినీ అలా పోనివ్వరు. మనుషులే తక్కువ కదా, ఒక్క మనిషి పోయినా లోకానికి లోటే అనుకుంటారు.

అప్పుడు ఒకనాడు మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని ఒక కంపెనీ దొర వచ్చాడు. అవ్వ ఆకులో అన్నం పెట్టి ఇచ్చింది. వాడు ముక్కు చిట్లించి, "వద్దు, కడుపు బాలేదు" అన్నాడు. చక్కా కొండెక్కాడు. పడుకున్న నేల మీది చెట్లకి ఎర్ర రిబ్బన్లు కట్టాడు.

"ఎందుకు బాబూ ఇవి?" అని అడిగారు.

"ఖాళీ జాగా. సర్కారు కంపెనీకి ఇచ్చింది. నూనెతాడి తోట వేసి పామాయిలు తీస్తాం."

"ఖాళీ కాదు బాబూ, పడుకుంది."

వాడు పడీ పడీ నవ్వాడు. వాడి మొహం మండ! ఏం బుజ్జీ, నువ్వు లేచి నీళ్ళు తాగడానికి వెళ్తే, మంచం ఖాళీగా ఉందని ఎవడైనా ఎత్తుకుపోతే ఊరుకుంటావా? ఊరుకోకు.

కానీ అవ్వ మనసు వేరే చోటుంది. వాడు అన్నం ముట్టుకోలేదు! ఆకు పట్టుకుని వాడి వెనకాల కొండ దిగింది. ముట్టకుండా పోతే పామో మొసలో పట్టుకుంటుందని చెప్పి, పడవ దగ్గర వాడి చెయ్యి పట్టుకుని అన్నానికి తాకించింది. "హమ్మయ్య, ఇంక క్షేమంగా పో నాయనా" అంది.

ఆ తర్వాత వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి రంపాల వాళ్ళని తెచ్చాడు. కొండ అంచున ఊరి తాతలు నాటిన పండ్ల చెట్లు ఉంటే, అన్నీ కోయించాడు. ఆ చెట్టు ఫలానా వాళ్ళ తాతది, ఈ చెట్టు ఫలానా వాళ్ళదని జనం మొత్తుకుంటూనే ఉన్నారు, అవి కూలుతూనే ఉన్నాయి. అంతా అయ్యాక వాడు అన్నం ముట్టకుండానే పోయాడు.

అవ్వ మళ్ళీ పరిగెత్తింది. ముళ్ళల్లో పడింది. మోకాలు చీరుకుపోయింది. పడవ దగ్గర ఆకు చేతికిస్తే, వాడు లాక్కుని ఏట్లోకి విసిరేశాడు.

బుంగన్ ఒళ్ళు మండిపోయింది. "మన నేల మింగేవాడి ప్రాణం కోసం నీ మోకాలు చీల్చుకుంటావా అత్తా? ఈసారి పీట వేసి విసనకర్రతో విసురు కూడా, పోనీ!"

"పారేయడానికైనా ముట్టుకున్నాడులేవే. బతికిపోతాడు" అంది అవ్వ, నెత్తురు తుడుచుకుంటూ.

"వాడు బతికితే మనం చస్తాం!"

అవ్వ కుంటుతూ ఇంటి దారి పట్టింది. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. కోడలి మాట లోపల మండుతూనే ఉంది.

ఆ తర్వాత విత్తే రోజులు వచ్చాయి. రిబ్బన్లు పీకి పారేసి, ఊరంతా కలిసి ఆ కొండ మీదే పొదలు నరికి కాల్చారు. విత్తనం ఏడాది దాటితే మొలవదు బుజ్జీ. ఆ ఏడు వెయ్యకపోతే వాళ్ళ అమ్మమ్మల నాటి వడ్లు భూమ్మీదే లేకుండా పోతాయి. తొలి వాన పడింది. కర్రలు పట్టుకుని మగవాళ్ళు, వడ్ల బుట్టలతో ఆడవాళ్ళు వరస కట్టారు. చెట్టు నీడన అవ్వ అందరికీ పెద్ద కుండెడు అన్నం వండింది.

అప్పుడు దొర మూడోసారి వచ్చాడు. పంటు మీద, అదే బల్లకట్టు మీద, బుల్‌డోజర్లు తెచ్చి దించాడు. కొండెక్కి, చెమట తుడుచుకుని, కుండ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఫొటోలు తీసేవాడు.

"అవ్వా, అన్నం పెట్టు. బాగా ఆకలేస్తోంది" అన్నాడు తియ్యగా.

ఎందుకో తెలుసా? ఊరు ఒప్పుకుంటేనే బళ్ళు నడపాలని పైనుంచి ఆర్డరు. కలిసి భోంచేస్తున్న ఫొటో ఒకటి ఉంటే చాలు, ఒప్పుకున్నట్టే! వెనకాల బళ్ళ వాళ్ళు ఆ మాటే అనుకుని నవ్వుకుంటుంటే బుంగన్ విని, అందరికీ వినపడేలా అరిచి చెప్పింది.

అందరూ అవ్వ వైపు చూశారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒక్క మనిషికీ లేదనలేదు. అలాంటిది, మూత అందుకుని కుండ మీద పెట్టేసింది. గట్టిగా నొక్కింది.

"అన్నం అతిథికి. నువ్వు అతిథివి కావు."

ఆ ఊళ్ళో అంతకు ముందు ఎవరూ ఎవరినీ అనని మాట అది. వాడు పళ్ళు కొరికి, "తోసెయ్యండి బళ్ళు!" అని అరిచాడు.

అప్పుడు అవ్వ కుండ చంకనెత్తుకుని బళ్ళ దగ్గరికే నడిచింది. నడిపేవాళ్ళని చూసింది. డొక్కలు అంటుకుపోయి ఉన్నాయి. "మీరు తిన్నారా నాయనా?" అని అడిగింది.

వాళ్ళలో పెద్దవాడు వగీమన్. వాడి పొలం ఇంకో దీవిలో ఇలాగే పోతే, పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడు. దిగి తిన్నాడు. మిగతావాళ్ళూ దిగారు. కడుపారా తిన్నారు.

"ఏం చూస్తున్నార్రా, ఎక్కండి!" అన్నాడు దొర.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటారా?" అన్నాడు వగీమన్, వేళ్ళు నాకుతూ.

"పనిలోంచి పీకేస్తా!"

"పీకండి దొరా. ఇవాళ్టికి కడుపు నిండింది."

బళ్ళ చప్పుడు ఆగిపోయింది. కర్రల చప్పుడు మొదలైంది. పొద్దు వాలేలోగా కొండంతా విత్తనం పడింది.

దొర ఒంటరిగా కొండ దిగాడు. అన్నం అడిగి, తినకుండా పోతున్నాడు కదా, వాడికీ ఆ ఊరి భయం పట్టుకుంది. ప్రతి తీగనీ బూటుతో కదిపి చూశాడు. అడుగడుక్కీ వెనక్కి తిరిగాడు, ఆకు పట్టుకుని అవ్వ వస్తుందేమోనని.

అవ్వ రాలేదు.

పాము కరిచిందా అంటావా? పాముకి మాత్రం వాణ్ణి ముట్టుకోవాలని ఎందుకుంటుంది బుజ్జీ! బతికే ఉన్నాడు. మళ్ళీ వస్తాడు కూడా. రానీ. కాదనడం ఆ ఊరు నేర్చుకుంది.

కథ నడిచె కంచికి,
కునుకు నడిచె కంటికి,
మనం నడిస్తే ఇంటికి
ఎవడురా అడ్డు వాకిటికి?